గేటు పక్క మడి

తన నీళ్ల వంతు రాగానే మళ్లీ కరెంటు పోయేసరికి హరిచందనకు ఓపిక నశించింది.

పైపు తన కూరగాయల మడిలోనే పడేసి తోట గేటు దగ్గరున్న బోరు మోటరు దాకా విసవిసా నడిచొచ్చింది. స్టార్టర్ డబ్బా పక్కన గోడ మీద లైన్‌మన్ నంబరు సుద్దతో రాసి ఉంది. ఫోన్ చేసింది. దగ్గర్లోనే ఎవరిదో ఫోన్ మోగింది గానీ ఆమె పట్టించుకోలేదు. అవతల "హలో" అనగానే అందుకుంది. బాన్సువాడలో కరెంటు పోవడానికి రోజంతా ఉండగా తన అరగంటే దొరికిందా అని అడిగింది. లైన్‌మన్ల ఇళ్లల్లో ఎవరూ కూర తినరా అని కూడా అడిగింది.

అవతలి మనిషి మారు మాట్లాడకుండా విన్నాడు. వింతేమిటంటే, అతను గొంతు సవరించుకోవడం ఫోన్లోనూ వినిపించింది, వెనక నుంచీ వినిపించింది.

"మేడం, జర ఇటు తిరుగుండ్రి."

తిరిగింది. గేటు పక్క మడిలో, మోకాళ్ల దాకా బురదతో, భుజం మీద పార, చెవి దగ్గర ఫోన్ పెట్టుకొని ఒకతను నిలబడి ఉన్నాడు.

"మీరేనా లైన్‌మన్?"

"నేనే. పేరు లక్‌పతి."

"గిది జోకులేసే టైమా?"

"జోక్ గాదు మేడం. మా బాపు పెట్టిన పేరు. ఇప్పటిదాకైతే నిజం గాలే."

నవ్వొచ్చింది. కానీ కోపంలో ఉన్నానని గుర్తొచ్చి ఆపుకొంది. పై నుంచి రిపేరు నడుస్తోందని, గంటలో వస్తుందని అతను చెప్పాడు. తన దగ్గర గంట లేదని, ఇంటికి వెళ్లి నాన్నకు అన్నం పెట్టాలని చెప్పి ఆమె స్కూటీ ఎక్కింది.

మర్నాడు వచ్చి చూస్తే ఆమె మడి నిండుగా తడిసి ఉంది. తోటకూర మొలకలు తలలెత్తాయి. దూరం నుంచే లక్‌పతి, తమ కరెంటు చేసిన తప్పుకు తామే నీళ్లు పెట్టామని చెప్పి మళ్లీ వంగి కలుపు తీయసాగాడు.

ఆ తోట భీంరావు కాకాది. డోంగ్లి వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన రిటైర్డ్ టీచరు ఆయన. ఇంటి వెనక అరెకరం జాగ ఉంటే, ప్లాట్లు చేసి అమ్ముకొమ్మని చెప్పినవాళ్ల మాట వినకుండా చిన్న చిన్న మడులుగా విడగొట్టి, కూరగాయలు పండించుకునే ఆశ ఉన్న టౌన్ జనానికి నామమాత్రం కిరాయికి ఇచ్చాడు. బోరు నీళ్లు వంతుల వారీగా. షరతు ఒక్కటే, మడిని పడావు పెట్టొద్దు, బీడు కానివ్వొద్దు. గడ్డి మొలిచిందంటే ఇంకొకరికి ఇచ్చేస్తాడు.

హరిచందనకు గడ్డి అంటే భయం పట్టుకుంది. పొద్దున్నే స్కూటీ మీద ఇల్లిల్లూ తిరిగి రక్తం శాంపిళ్లు తీయాలి. ఇంటికొచ్చి నాన్నకు స్నానం, ఎక్సర్‌సైజులు చేయించాలి. బస్టాండ్ దగ్గరి ల్యాబుకు పోవాలి. మధ్యాహ్నం ఉరికొచ్చి అన్నం పెట్టి మళ్లీ ఉరకాలి. ఇన్నిట్లో సాయంత్రం అరగంట మడికి మిగిలేది.

నాన్న ఆశన్న బీర్కూర్‌లో వరి, చెరుకు పండించిన రైతు. పోయినేడు పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. అమ్మ పోయి చాలా ఏళ్లయింది. భూమి కౌలుకిచ్చి, దవాఖానకు దగ్గరవుతుందని తండ్రిని బాన్సువాడలో కిరాయి ఇంటికి తెచ్చుకుంది. కర్ర పట్టుకొని మెల్లగా నడుస్తాడు. సగం సగం మాటలు వస్తాయి. 'హరి' దాకా అంటాడు, చందన రాదు. ఎడమ చేత్తో తినాల్సి రావడం ఆయనకు ఎంత నామోషీ అంటే, గదిలో ఎవరుంటే వాళ్లు బయటికి పోయేదాకా పళ్లెం ముట్టడు.

అసలు ఆ మడి తీసుకున్నదే ఆయన కోసం. మట్టి చూస్తే మనిషి తేరుకుంటాడనుకుంది. కానీ ఆమెకు దొరికింది తోట చివరి మడి. సన్నటి గట్ల మీద నడుచుకుంటూ పోవాలి. మొదటి రోజే ఆయన కాలు జారి పడ్డాడు. చుట్టుపక్కల మడుల వాళ్లంతా పరుగెత్తుకొచ్చి లేపారు. అంతమంది చేతులు తన మీద పడటం ఆయన తట్టుకోలేకపోయాడు. మళ్లీ రానన్నాడు. ఇంట్లో గోడ వైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టాడు.

ఇదంతా హరిచందన ఒక సాయంత్రం లక్‌పతికి చెప్పింది. ఎందుకు చెప్పిందో ఆమెకే తెలియదు. బెండకాయలు తెంపుతూ అతను ఊరికే విన్నాడు. ధైర్యం చెప్పలేదు, సలహా ఇవ్వలేదు. అందుకే ఇంకాస్త చెప్పాలనిపించింది.

అతనిది పెద్ద కొడప్‌గల్ దగ్గరి తండా. ఉద్యోగం వచ్చాక తల్లి లచ్చిని తెచ్చుకొని రెండు గదుల ఇంట్లో ఉంటున్నాడు. తండాలో పొద్దంతా చేనులో ఉండే మనిషికి టౌన్లో పొద్దుపోక, కొడుకు గేటు పక్క మడి కిరాయికి తీసుకునేదాకా ఊరుకోలేదు లచ్చి. వాళ్లిద్దరూ లంబాడీలో మాట్లాడుకుంటుంటే హరిచందన తన గురించేమోనని చెవి అటు వేసేది. సగం సార్లు నిజంగానే ఆమె గురించే. లచ్చి కొడుకును ఏదో అని పగలబడి నవ్వేది. అతని ముఖం టమాట రంగుకు తిరిగేది.

"ఏమంటుంది అవ్వ?"

"టమాటలకు రేటొచ్చిందంటుంది."

"గంత నవ్వొచ్చే రేటా?"

అతను పైపు సరిచేసే నెపంతో అవతలికి జారుకునేవాడు.

అంతా బాగానే ఉందనుకుంటుండగా నాన్నకు జ్వరం తగిలింది. అదే సమయంలో ల్యాబులో తోటి అమ్మాయి సెలవు పెట్టింది. హరిచందన తోట ముఖం చూడక చాలా రోజులైపోయింది. నాన్న తేరుకున్న సాయంత్రం, గడ్డి ఎంత పెరిగిందోనని గుబులుపడుతూ వచ్చింది. గేటు తీయబోతుంటే లోపల లక్‌పతి గొంతు.

"కాకా, చందన మేడం మడి నా పేరు మీద రాయుండ్రి."

భీంరావు కాకా ఏదో అన్నాడు. అదెలాగూ పడావు పడిందే కదా అని లక్‌పతి జవాబిచ్చాడు. ఇక ఆమె వినలేదు. వచ్చిన దారినే స్కూటీ తిప్పింది.

ఇంటికెళ్లి మెసేజ్ పెట్టింది: 'జాగ కావాలంటే నన్నే అడగాల్సింది. ఇచ్చేదాన్ని.' పెట్టాక ఏడుపొచ్చింది. మడి పోయినందుకు కాదని ఆమెకు బాగా తెలుసు. అతను ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆ రాత్రే పెద్ద గాలిదుమారం లేచి, బీర్కూర్ దారి పొడుగునా స్తంభాలు ఒరిగాయి. ఆ తర్వాత అతని ఫోన్ కూడా రాలేదు.

రెండ్రోజులకు భీంరావు కాకా ఫోన్ చేసి, నీ మడి నువ్వు చూసుకో తల్లీ, రా అన్నాడు. తన పార, తట్ట తెచ్చుకుందామని వెళ్లింది.

గేటు తీయగానే ఆగిపోయింది. గేటు నుంచి పక్క మడి దాకా వెడల్పాటి బండలు పరిచి ఉన్నాయి. ఎక్కడా గట్టు లేదు, గుంత లేదు. మడి చుట్టూ మనిషి నడిచేంత జాగ వదిలి, ఒక వైపు చెయ్యి ఆనించుకోవడానికి ఇనుప పైపు పాతారు. లోపల కాపుకొచ్చిన బెండ, టమాట అలాగే ఉన్నాయి. దూరంగా తోట చివర, తన పాత మడిలో, లచ్చి ఒక్కతే కూర్చొని మొండి గడ్డి పీకుతోంది.

"లక్‌పతి మార్పిడి చేసుకుండు," అన్నాడు కాకా. "నీది వానికి, వానిది నీకు. మీ నాయన ఆటో దిగి నేరుగా వచ్చేటట్టు. బండలేసుడు అయిపోయినంక నీకు చెప్తనన్నడు. గాలొచ్చి పనిల పడ్డడు, బండలు నేనే ఏపిచ్చిన."

హరిచందన వంగి ఒక బండను అరచేత్తో తడిమింది. లక్‌పతి ఎక్కడున్నాడని అడిగింది.

బీర్కూర్ రోడ్డు మీద, చెరుకు తోట పక్కన, స్తంభం పైన ఉన్నాడు. ఆమె కింద నిలబడింది. అతను చూశాడు. చూసి, కావాలనే కాబోలు, ఒకే తీగను చాలాసేపు బిగించాడు. చినుకులు మొదలయ్యాక తప్పక దిగాడు.

"నా మెసేజ్ చదివినవా?"

"పోల్ ఎక్కేముందు చదివిన. ఎక్కినంక దిగబుద్ధి గాలే."

"ముందే చెప్పొచ్చు గదా."

"చెప్తే ఒద్దంటవని."

నిజమే, వద్దనేది. ఆ మాట ఒప్పుకొని ఆమె తల వంచుకుంది. చినుకులు పెద్దవయ్యాయి. అతను హెల్మెట్ తీసి ఆమె తల మీద పెట్టాడు. అది కళ్ల మీదికి జారింది. కళ్లు కనిపించకపోవడమే మంచిదైంది, మాట బయటికొచ్చింది.

"నాకు రోజు మొత్తంల అరగంటే నాదంటూ ఉంటది లక్‌పతీ. అది మడి కోసమని అనుకున్న. నువ్వు మోసం జేసినవనుకున్ననాడు తెలిసింది, మడి కోసం గాదని."

అతను చేతి గ్లవ్స్ ఊడదీసి నడుముకు చెక్కుకున్నాడు.

"నాకు గా అరగంట సాలు," అన్నాడు. "మిగిలిన పనిల సగం నాకియ్యి."

ఆశన్నను తోటకు రప్పించడం మాత్రం ఇద్దరి వల్లా కాలేదు. బండల దారి గురించి హరిచందన ఎంత చెప్పినా ఆయన గోడ వైపు తిరిగాడు. ఒకరోజు లక్‌పతి ముడుచుకుపోయిన టమాట ఆకులు కొన్ని తెచ్చి ఆయన మంచం మీద పెట్టాడు. ఏ మందు కొట్టాలో తెలుస్తలేదు, మొత్తం పోయేటట్టుందని చెప్పాడు. ఆశన్న ఆకును వెనక్కి తిప్పి చూశాడు. ఏదో చెప్పబోయాడు. మాట రాలేదు. ఇంకోసారి ప్రయత్నించి, విసుగొచ్చి, కర్ర అందుకొని లేచి నిలబడ్డాడు. ఇలా చెప్తే ఎలా, చూడాలి కదా అన్నట్టు గుమ్మం వైపు నడిచాడు. లక్‌పతికి నిజంగా మందు తెలియదా అని హరిచందనకు అనుమానం వచ్చింది. అడగలేదు.

ఆ రోజు నుంచి ఆయన రోజూ వచ్చాడు. ఇనుప పైపు పట్టుకొని మడి చుట్టూ తిరిగేవాడు. లచ్చి ఆయన్ను చూడగానే గుర్తుపట్టింది. ఒకప్పుడు తండా వాళ్లతో కలిసి బీర్కూర్‌లో ఆయన పొలంలోనే చెరుకు కొట్టింది. 'పటేలా' అని పిలిచేది. పిలుపులో మర్యాద ఉన్నా పోట్లాటలో ఉండేది కాదు. ఆయన కర్రతో చూపించి సగం మాట అంటే, ఆమె మిగతా సగం తనకు తోచినట్టు ఊహించుకొని, లంబాడీలో కసిరి, తనకు నచ్చినట్టే చేసేది. ఆయన కర్ర నేలకేసి కొట్టేవాడు. మడి మాత్రం పచ్చగా పెరిగింది. ఇంట్లో ఆయన గోడ వైపు తిరగడం మానేశాడు.

ఇక చెప్పేద్దామని లక్‌పతి తల్లి దగ్గర పెళ్లి మాట ఎత్తాడు. లచ్చి నవ్వలేదు. మర్నాటి నుంచి తోటకు రావడం మానేసింది. హరిచందన వెతుక్కుంటూ ఇంటికెళితే, పక్కన కూర్చోబెట్టుకొని తల నిమిరింది.

"నువ్వు బంగారమసుంటి పిల్లవు బిడ్డా. గని మీ పొలంల కూలి జేసినోళ్లం. తోటల కొట్లాడుడు వేరు, చుట్టరికం వేరు. రేపు మీ ఇంటికొస్తె మీ నాయన ముంగట నేనేడ కూసోవాలె?"

హరిచందన ఆమె చెయ్యి ఒకసారి పట్టుకొని వచ్చేసింది.

తోటలో ఆశన్న చివరి మడి వైపు చూసి "లచ్చి?" అన్నాడు. మర్నాడూ అడిగాడు. మూడోసారి అడిగినప్పుడు హరిచందన ఆయన పక్కన కూర్చొని అంతా చెప్పేసింది. లక్‌పతి సంగతి, లచ్చి అన్న మాట, ఏదీ దాచలేదు. చెబుతున్నంతసేపు మడి అంచున గడ్డి పీకుతూనే ఉంది. ఆయన కర్ర అందుకొని లేచి గేటు వైపు నడిచాడు. మర్నాడు పొద్దున లేచి తెల్లచొక్కా తెమ్మని సైగ చేశాడు. గుండీలు పెట్టించుకున్నాక ఒకే మాట అన్నాడు.

"ఆటో."

వాళ్లు వెళ్లేసరికి లక్‌పతి ఇంట్లోనే ఉన్నాడు, లచ్చి పొయ్యి ముందు జొన్నరొట్టెలు చేస్తోంది. గుమ్మంలో ఆయన్ను చూసి కంగారుగా లేచి, ఉన్న ఒక్క కుర్చీనీ కొంగుతో తుడిచి వేసింది. ఆయన కూర్చోలేదు. మెల్లగా వెళ్లి మంచం మీద కూర్చొని, పక్కన చెయ్యేసి తట్టాడు. ఆమె కదల్లేదు. ఆయన మళ్లీ తట్టాడు. లచ్చి కొడుకు వైపు చూసి, మంచం అంచున కూర్చుంది.

"ఆకలి," అన్నాడు ఆశన్న.

ఆయన ఎవరి ముందూ తినడని హరిచందనకు తెలుసు. లేచి అందరినీ బయటికి తీసుకుపోబోయింది. ఆయన వద్దని తల ఊపాడు. లచ్చి రొట్టె, పుంటికూర పెట్టింది. ఆయన అందరి ముందూ ఎడమ చేత్తో రొట్టె తుంచబోయాడు. జారి కింద పడింది. లచ్చి ఏమీ అనకుండా ఇంకో రొట్టె తీసి, చిన్న చిన్న ముక్కలు చేసి పళ్లెంలో వేసింది. ఆయన ఒక్కో ముక్కా తీరిగ్గా తిన్నాడు. తిని, మూతి తుడుచుకొని, నాలుకతో కుస్తీ పట్టి ఆ మాట బయటికి తెచ్చాడు.

"ఇంకోటి... పెట్టు... చెల్లె."

లచ్చి ముఖం పొయ్యి వైపు తిప్పుకుంది. రొట్టె తీసే చెయ్యి కాస్త ఆలస్యమైంది.

"పెడుత తియ్యి అన్నా," అంది. "నీకు పెట్టక ఎవలకు పెడుత."

ఆశన్న లక్‌పతిని ఎగాదిగా చూసి "ఎప్పుడు?" అన్నాడు. ఏమిటి ఎప్పుడు అని అతను బిత్తరపోయాడు. లచ్చికి మాత్రం ముందే అర్థమైంది. ఇంట్ల చక్కెర లేదు, నోరు తీపి చేయాలె, అట్ల నిలబడ్డవేందిరా అని కొడుకును తరిమింది. తనూ వెళ్తానని హరిచందన చెప్పులేసుకుంది.

కిరాణా దుకాణం ఆ వీధి మూల మీదే ఉంది. చక్కెర తేవడానికి ఇద్దరికి అంతసేపు ఎందుకు పట్టిందని మాత్రం ఇంట్లో ఎవరూ అడగలేదు.