నిమ్మకాయల కల్వర్టు

గూడూరు దాటి నెల్లూరు పోయే హైవేలో ఒక కల్వర్టు ఉంది. దానికి చెడ్డపేరు. ఏడాదిగా రాత్రి రెండింటికి అక్కడ ఒక తెల్లచీర చెయ్యెత్తి నిలబడతదంట. బండి నిదానిస్తే క్యాబిన్ ఎక్కేస్తదని లారీ డ్రైవర్ల భయం. అందుకే నలభై అని బోర్డున్న చోట తొంభైలో పోతారు. కిటికీలోంచి ఒక నిమ్మకాయ విసిరి... వెనక్కి చూడరు.

జీవానందం అట్టా పోడు. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ఆయన చక్రం కింద కోడిపిల్ల కూడా పడలేదు. ఆ మాట ఎవరూ అడక్కపోయినా చెబుతాడు.

ఆ రోజు ఒంగోలుకి లోడు. రాత్రి రెండింటికి ఆ కల్వర్టు దాటడం ఆయనకి అదే మొదలు. టీ కొట్టు దగ్గర జయకుమార్, నిన్నగాక మొన్న స్టీరింగు పట్టినోడు, పదిమందిలో నవ్వినాడు.

"మామా, కల్వర్టు కాడన్నా తొక్కు. నీ ఎద్దులబండికి దెయ్యం ఎక్కి, దిగి, టీ తాగొచ్చి మళ్ళా ఎక్కతది!"

ఓనరు ఫోనులో ఇంకోటన్నాడు. "తెల్లారి ఐదింటికి సరుకు దిగాల. లేదంటే తాళం ఇచ్చేసి ఇంటికి పో."

రెండు మాటలూ మనసులో పెట్టుకున్నాడు. మరిచిపోయే రకం కాదు.

రెండైంది. బోర్డు కనబడింది. నలభైకి దించినాడు.

తెల్లచీర!

కల్వర్టు గోడ పక్కన... చెయ్యెత్తి... కదలకుండా —

అయినా కాలు యాక్సిలేటర్ మీదికి పోలేదు. "ఎవరైతే నాకేంది? చూస్తా నీ సంగతి" అని పళ్ళు కొరికి బ్రేకు నొక్కినాడు.

బండి ఆగింది. ఎక్కడా చప్పుడు లేదు...

తలుపు మీద — టక్... టక్...

"అన్నా..." గుసగుస. "లైట్లు ఆర్పొద్దన్నా."

ఆమె వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది. చీకట్లోంచి ఒకరు... పదిమంది... ముప్పైమంది ఆడోళ్ళు లేచి రోడ్డు దాటబట్టినారు. చేతుల్లో టిఫిన్ క్యారియర్లు. రొయ్యల వాసన.

"నేను ఏసుమణినన్నా. రొయ్యల షెడ్డులో రెండింటికి డ్యూటీ దిగతాం. ఇళ్ళు రోడ్డుకి అవతల. పోయినేడు నా బిడ్డ ఫ్లోరాని ఈడే గుద్ది పోయినారు. చీకట్లో కనబడాలని తెల్లచీర కట్టి నేనే ముందు నిలబడతా ఉండా. ఆగింది నువ్వొక్కడివే."

"అమ్మా..." జీవానందం కిటికీలోంచి వంగినాడు. "నిన్ను దెయ్యమనుకుంటా ఉండారు. నిమ్మకాయలు అందుకే."

"ఆఁ? లోడులోంచి రాలతా ఉండాయనుకున్నా! పగలని కాయలేరి ఊరగాయ కూడా పెట్టినా." ఆమె రోడ్డు వైపు చెయ్యి చూపింది. "మనిషిని చూసి స్పీడు పెంచేవోడు దెయ్యమా, నేనా?"

అంతలో వెనక హారన్. లైట్లు... దూసుకొస్తా ఉండాయి. ఆడోళ్ళు ఇంకా రోడ్డు మధ్యలో!

జీవానందం బండిని రోడ్డుకి అడ్డంగా తిప్పినాడు.

టైర్లు అరిచినాయి... జానెడు దూరంలో ఆగింది లారీ. లోపల జయకుమార్. పిడికిట్లో నిమ్మకాయ.

"మామా... ద... దెయ్యం..."

"దిగరా. ఆ కాయ ఆమె చేతికియ్యి."

దిగినాడు. ఇచ్చినాడు. చివరామె దాటిందాకా బండ్లు కదల్లేదు. జీవానందం ఒంగోలు చేరేసరికి ఏడు. ఓనరు తాళం అడక్కముందే ఈయనే బల్లమీద పడేసి వచ్చినాడు.

ఇప్పుడు దాబాల్లో ఏమంటారంటే — ఆ కల్వర్టు కాడ దెయ్యాలు రెండంట. రెండోది మీసాల ముసలిది. టార్చిలైటు పట్టుకుని "నలభై! నలభై!" అని అరుస్తదంట. దానికి నిమ్మకాయ పనిచెయ్యదు. బండి నంబరు రాసుకుంటది...

మరిచిపోదంట.