నూరువరహాల పొద అవతల

ఆ ఇంట్లో మనుషులు లేక చాలా ఏళ్ళైంది. అయినా గేటు పక్కన బారుగా ఉన్న నూరువరహాల పొద మాత్రం ఏనాడూ ఇష్టమొచ్చినట్టు పెరగలేదు. ఎప్పుడు చూసినా అప్పుడే కత్తిరించినట్టు తీరుగా ఉంటుంది. ఆ ఇంటి ముసలావిడ ప్రాణం వదిలినా కత్తెర వదల్లేదని, చీకటి పడితే చాలు… కిచ్… కిచ్… మని వినిపిస్తుందని చెప్పుకుంటారు. పొద్దుగూకాక అటు ఎవరూ వెళ్ళరు.

మా పిన్ని వెళ్ళింది. ఎందుకు వెళ్ళిందో ఆవిడే చెప్పింది నాకు.

బాబాయికి సెలూన్ ఉంది. ఈమధ్య దుకాణం కట్టేశాక ఇంటికి ఆలస్యంగా వస్తున్నాడు. ఎక్కడికెళ్ళారంటే నీళ్ళు నములుతున్నాడు. ఓ రోజు విప్పిన చొక్కా దులిపితే, కాలర్లోంచి ఎర్రటి పువ్వొకటి రాలింది. చిన్నది, నాలుగు రేకులది.

పిన్నికి అసలే అనుమానం పాలు ఎక్కువ. పూలు పెట్టుకునేదాన్నెవర్నో మరిగాడనుకుంది. కాపురం చేజారిపోతోందని కుమిలి కుమిలి ఏడ్చింది. మర్నాడు దుకాణం మూసే వేళకి వీధి మలుపులో కాపు కాసి, వెనకాలే నడిచింది.

బాబాయి తిన్నగా ఆ ఇంటి గేటు తోసుకుని లోపలికి వెళ్ళాడు.

పిన్ని గేటు బయటే ఆగింది. దెయ్యమేమోనని ఒక భయం… దెయ్యమైతేనే నయం, ఆడదైతే ఏం చెయ్యాలని ఇంకో భయం.

కిచ్… కిచ్…

చెప్పులు చేత్తో పట్టుకుని గేటు దాటింది. పొద ముందు బాబాయి ఒక్కడే ఉన్నాడు. కొమ్మల్ని దువ్వెనతో ఎత్తిపట్టి, దుకాణం కత్తెరతో కత్తిరిస్తున్నాడు. అచ్చం మనిషి జుట్టు కత్తిరించినట్టే.

“ఎవతండీ అది?” అంది పిన్ని, పట్టు వదలకుండా.

బాబాయి అదిరిపడ్డాడు. కత్తెర జారి కింద పడింది. కుడిచెయ్యి ముందుకి చాపాడు. ఆ మసక వెలుతురులోనూ తెలుస్తోంది… వణుకుతోంది.

“మొన్న ఒకాయన చెవి తెగాల్సింది, కొద్దిలో తప్పింది. ఇది తెలిస్తే నా కుర్చీలో ఎవరు కూర్చుంటారే? చెయ్యి స్వాధీనంలోకి వస్తుందేమోనని ఇక్కడ… దెయ్యం పేరు చెబితే ఎవరూ రారు కదా.”

పిన్నికి మళ్ళీ ఏడుపొచ్చింది. కానీ ఈసారి గుండె తేలికైంది. ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

“నాతో చెప్పొచ్చుగా…”

వణుకు కాస్త నెమ్మదించింది. ఇద్దరూ అలాగే నిలబడ్డారు. కత్తెర వాళ్ళ కాళ్ళ దగ్గరే పడి ఉంది.

కిచ్… కిచ్… కిచ్…

పొద అవతలి నుంచి. తొణక్కుండా, ఒకే తీరులో.

“అది… ఎవరు?”

“నాకు మాత్రం ఏం తెలుసు,” బాబాయి గొంతు తగ్గించాడు. “నేను వచ్చిన రోజు నుంచీ ఉంది. నేను వంకర చేసిందంతా పొద్దున్నకి సాపు చేసేస్తుంది. కుర్చీ ఖాళీ అయిపోతుందన్న భయం ముందు ఇదెంతలే అనుకున్నా.”

పిన్ని అతని చెయ్యి ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. పొద వైపే చూస్తూ గుసగుసగా అడిగింది.

“ఆడమనిషేనా?”

అవతల కత్తెర ఆగింది.