దొరకకముందు మాట

"నాకు మేధావులు వద్దు సార్. పని తెలిసిన మామూలు మనిషి కావాలె. అందుకే మీకు ఫోన్ చేసిన."

మొదటి పరిచయంలోనే ఇంత మాట అనేసిన అమ్మాయిని ఏమనాలో సాయిబాబుకు తోచలేదు. కోదాడ డిగ్రీ కాలేజీలో బయోటెక్నాలజీ చెప్పే అతనికి, అది పొగడ్తో తిట్టో ఇప్పటికీ తేలలేదు. సూర్యాపేటలో ఇంటి నుంచే పేటెంట్ల పని చేసే సౌందర్య మాత్రం, ఒక కొత్త సంగతి ఎవరికైనా తట్టేదేనా అని చట్టం అడిగేది అలాంటి మనిషినే అంటూ తాపీగా చాయ్ ఊదుకుంది.

అప్పటి నుంచి ప్రతి శనివారం సూర్యాపేటలో అదే హోటల్, అదే గొడవ. ఓ కంపెనీ మనిషిలోని ఒక రిసెప్టర్ జీన్‌ని విడదీసి పేటెంటు అడిగింది. హార్మోన్ తెచ్చిన కబురును కణం అందుకునేది ఆ రిసెప్టర్‌తోనే. ఎలుకలో ఆ జీన్ అంతకుముందే దొరికింది. మరి మనిషిలో తీయడం గొప్పేనా, ఎవరికైనా తట్టే పనేనా? తట్టే పనైతే పేటెంటు రాదు. సౌందర్య రాయాల్సిన అభిప్రాయం ఇదే.

"ఎవరికైనా తడుతుందండీ! ఎలుక జీన్‌ని ఎరగా వేసి మనిషి డీఎన్‌ఏలో వెతకడమేగా."

"దొరికినంక అందరు గట్లనే అంటరు సార్. దొరకకముందుకు పోయి చెప్పుండ్రి. దొరుకుతదని నమ్మకముండెనా?"

సాయిబాబు ఆలోచనలో పడ్డాడు. జీన్ గురించి కాదు. ఆ శనివారం హోటల్ రేకుల కింద కూర్చున్నా వాన జల్లు కొడుతోంది. ఒక చినుకు ఆమె కనుబొమ్మ మీద ఆగిపోయింది. తుడుచుకోమని చెప్పాలా, వద్దా? పేటెంటు కన్నా ఇదే పెద్ద చిక్కుగా ఉంది.

"జర జల్ది తేల్చుండ్రి. రేపు మిర్యాలగూడ నుంచి నన్ను సూడనీకి వస్తుండ్రు. నాయిన సరే అనమంటుండు. నేనింకా ఏం చెప్పలే."

సాయిబాబు చాయ్ గ్లాసు పక్కన పెట్టేశాడు. ఇన్నాళ్లూ బస్సెక్కి వస్తున్నది ఎలుక కోసం కాదని ఈమెకు తెలియదా?

"నేనెందుకు వస్తున్నానో... మీకు తెలిసే ఉంటుందిగా? చాయ్ పోసే శంకర్‌కి కూడా తెలుసు!"

"శంకరన్నకు తెలిస్తే నాకేం లాభం? బయటికి చెప్పనిది నేను లెక్కల వేసుకోను. మా పనిల గదే అలవాటు."

ఆమె కోప్పడుతోందో, ఏడిపిస్తోందో అతనికి అర్థం కాలేదు. ఇక ఆగితే మిర్యాలగూడ వాళ్లు వచ్చేస్తారన్నది మాత్రం అర్థమైంది.

"అడగాలని మొదటిరోజే తట్టింది. ఒప్పుకుంటారన్న నమ్మకమే లేదు. ఇప్పుడూ లేదండీ. అయినా అడుగుతున్నాను. నన్ను పెళ్లి చేసుకుంటారా?"

సౌందర్య లాప్‌టాప్ తెరిచింది.

"తట్టుడు వేరు, అయితదని నమ్ముడు వేరు. గిది కదా సార్ నేనడిగింది! దొరుకుతదన్న నమ్మకం లేనిది చట్టం లెక్కల ఎవరికైనా తట్టేది కాదని రాసేస్తున్న. ఇగ ఆ పని ఖతం."

"జీన్ సంగతి కాదండీ! నా సంగతి?"

ఆమె ఇంటికి నంబర్ కలిపింది. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది.

"నాయినా, మిర్యాలగూడోళ్లను రావద్దని చెప్పు. రేపు కోదాడ నుంచి వస్తుండ్రు... ఆఁ, ఇప్పుడే ఖాయమైంది... లే, గాయినకింకా తెల్వది."