పడవ తోక ఊపిన రోజు

"ఏవండీ నరేశ్ గారూ! పడవ తోక ఊపుతోంది! బ్రేకెయ్యండి!"

పికప్ వెనక సీట్లోంచి తిరిగి చూస్తూ వీరదుర్గ అరిచింది. ట్రెయిలర్ మీద కఫీల్ గారి తెల్ల పడవ అటోసారి ఇటోసారి ఊగుతోంది. క్వారీ లారీ ఒకటి పక్కనుంచి దూసుకుపోగానే ఆ ఊపు ఇంకా పెరిగింది.

"బ్రేకేస్తే పడవ మనకన్న ముందు వోతది," అన్నాడు నరేశ్. స్టీరింగ్ కదలకుండా పట్టుకుని, యాక్సిలరేటర్ మీంచి మెల్లగా కాలు తీశాడు. "నోరు మూస్కొని గట్టిగ పట్టుకో."

"నోరు మూసుకోవాలా? విన్నావా పిన్నీ?"

వంటమనిషి పేరమ్మ ఒళ్లో బిర్యానీ గిన్నెను కౌగిలించుకుని కళ్లు మూసుకుంది. "నన్ను పలకరించకండి. దేవుణ్ణి తలుచుకుంటున్నాను."

వేగం తగ్గేకొద్దీ ఊపూ తగ్గింది. బండి రోడ్డు పక్కన ఆగింది.

ముగ్గురూ గల్ఫ్‌లోని రాస్ అల్ ఖైమాలో ఒకే యజమాని ఇంట్లో పనిచేస్తున్నారు. ఆయనే వాళ్లకు వీసా ఇచ్చిన కఫీల్. శనివారాలు కఫీల్ కుటుంబం సముద్రానికి వెళ్తే నరేశ్ పడవను లాక్కెళ్లాలి, ఆడవాళ్లిద్దరూ భోజనాలతో అదే బండెక్కాలి. రెండేళ్లుగా ఇంతే. వీరదుర్గకు మాత్రం ఇదే ఆఖరిసారి. మంగళవారం ఊరికి టికెట్. మళ్లీ వీసా వస్తుందో రాదో తెలియదు.

ఆ సంగతి నరేశ్‌కి చెప్పాలని వారం నుంచీ చూస్తోంది, నోరు పెగల్లేదు. చిన్నప్పుడు అమ్మ "వెళ్లొస్తా" అని మస్కట్ వెళ్లి ఆరేళ్లకు గానీ రాలేదు. అప్పటినుంచీ ఆ మాటంటేనే దుర్గకు భయం. చెప్పకుండా ఉంటే మంగళవారం రాదేమోనని ఒక పిచ్చి ఆశ.

దిగి పడవలోకి తొంగిచూసి నడుం మీద చేతులు పెట్టుకుంది. ఐసు పెట్టెలు, నీళ్ల క్యాన్లు అన్నీ వెనక, ఇంజను పక్కనే ఉన్నాయి.

"బరువంతా వెనకేస్తే ముందు తేలిపోదా? మా నాన్న గోదాట్లో బండ్లు దాటించే పంటు నడిపేవాడు, నాకే తెలుసు. రెండేళ్లుగా లాగుతున్నారు, తమరికి తెలీదా?"

"ఎర్కే."

"మరి?"

"ఇయ్యాల యాది మర్శిన."

"అంత పరధ్యానం దేనికో!"

నరేశ్ ఐసు పెట్టెను ముందుకు జరుపుతూ, ఆమె వైపు చూడకుండా అన్నాడు. "మంగళారం నిన్ను ఎయిర్‌పోర్టుల దించుమని నిన్న కఫీల్ చెప్పిండు. కఫీల్ చెప్తె తెల్సింది నాకు."

దుర్గ ఎత్తబోయిన నీళ్ల క్యానును వదిలేసింది. "చెబ్దామనే..."

"నేను దించ."

"సరే. టాక్సీలో పోతాను." ఆమె విసురుగా అటు తిరిగింది.

"అట్ల గాదు. నాగ్గూడ సెలవు గావాలన్న. దుర్గతోటి వోయి వాళ్లమ్మను అడిగేదుంది అన్న."

"అమ్మని... ఏమడుగుతారు?"

బండిలోంచి పేరమ్మ కేకేసింది. "పంటు అమ్ముతారా అని అడుగుతాడు! ఏమడుగుతాడే పిచ్చిమొహమా?"

దుర్గ ముఖం దాచుకోవడానికి అక్కడ సముద్రం కూడా లేదు. ఇసుక, హైవే, ఈ మనిషి. "కఫీల్ ఏమన్నారు మరి?"

"పడవకు కొత్తగ రంగేయించిండు గదా. ఇయ్యాల ఒక్క గీత పడకుంట నీళ్లల్ల దించు, సెలవు తీస్కో అన్నడు. గప్పట్నుంచి ఏ పని మీద మనసు నిలుస్తలేదు."

"గీత పడితే?"

"నువ్వు విమానంల, నేను ఎయిర్‌పోర్టు గేటు కాడ."

ఆమె క్యాన్లన్నీ గబగబా ముందుకు చేర్చింది.

ఊళ్లో ట్రాక్టర్ ట్రాలీని సందుల్లోకి రివర్స్ కొట్టిన చెయ్యి నరేశ్‌ది. అలాంటిది ఆ రోజు రేవు వాలు మీద, కఫీల్ చేతులు కట్టుకుని చూస్తుంటే, ట్రెయిలర్ వంకరపోయి సిమెంటు గోడకు జానెడు దూరంలోకొచ్చింది.

"ఆగండి!" దుర్గ పరుగున వెళ్లి చీలమండల దాకా నీళ్లలో నిలబడింది. "ముందుకెళ్లి మళ్లీ రండి. నన్ను చూస్తూ రండి."

"నాకే నేర్పుతున్నవా?"

"విమానంలో నా పక్క సీటు కోసం నేర్పుతున్నా. యల్లా!"

అద్దంలో ఆమె చెయ్యి కుడికి ఊపితే కుడికి, ఎడమకి ఊపితే ఎడమకి. చక్రాలు మునిగాయి. పడవ ఒకసారి జలదరించి, ట్రెయిలర్‌ని వదిలి తేలింది. తాడు పట్టుకున్న కఫీల్ వంగి పడవ రెండు పక్కలూ చూశాడు. ఒక్క గీతా లేదు. "ఖలాస్," అని నవ్వి, అరబ్బీలో దుర్గతో ఇంకేదో అన్నాడు.

నరేశ్ కిటికీలోంచి తల బయటపెట్టాడు. "ఏమన్నడు? జెప్పు, ఏమన్నడు?"

తడిసిన బట్టల అంచు పిండుకుంటూ ఆమె కాసేపు ఊరించింది.

"మంగళవారం మనిద్దర్నీ దించడానికి ఇంకో డ్రైవర్ని వెతుక్కోవాలంటండీ!"