విషం తాగిన రాయి

ఏజెంట్ మురళీమోహన్ శవం కళింగపట్నం దగ్గర, రొయ్యల చెరువుల మురుగు కాలువలో దొరికింది. మెడ వెనక ఒకే ఒక్క తూటా.

శ్రీకాకుళం లాడ్జిలో తన్మయి ఆ మెసేజ్ చదివి, చేతిలో ఉన్న కాఫీ పూర్తిగా తాగింది. ఏళ్ల తరబడి మురళి ఆమె పార్ట్‌నర్. ఏడుపు వస్తుందేమోనని కాసేపు కూర్చుంది. రాలేదు. గ్లాసు కడిగి బోర్లించింది.

చీఫ్ లక్ష్మీనరసింహం ఫోన్ చేశాడు.

“జియోలైట్ అంటే తెలుసా?”

“రొయ్యల చెరువుల్లో చల్లే రాతి పొడి. నీళ్లలోని అమ్మోనియాని లాగేస్తుంది.”

“సీజియంని కూడా లాగేస్తుంది. మన రీసెర్చ్ ప్లాంటులో రేడియోధార్మిక వ్యర్థజలాన్ని ఆ రాతిపొడిలోంచే పంపుతారు. నీళ్లు శుభ్రపడతాయి, విషం రాయిలో ఉండిపోతుంది. అలా వాడేసిన రాయి కొన్ని బస్తాలు మాయమయ్యాయి. ఒక విదేశీ ముఠా, రేడియేషన్ వెదజల్లే డర్టీ బాంబు కోసం ఈ మధ్యాహ్నం పడవ ఎక్కిస్తోంది. ముఠాలో మన మనిషి ఉంది. రేఖ. ఎక్స్‌పోర్ట్ మేనేజర్. కోడ్: ‘నీళ్లు పచ్చబడ్డాయి.’ జవాబు: ‘రాయి వేస్తే తేటపడతాయి.’”

“సరే సార్.”

తన్మయి ఆక్వా ల్యాబ్ టెక్నీషియన్ వేషంలో రొయ్యల చెరువుల దగ్గరికి వెళ్లింది. చేతిలో నీటి ఉప్పదనం కొలిచే మీటరు. పైకి మాత్రమే అది. లోపలున్నది రేడియేషన్ డిటెక్టర్.

రేఖ గట్టు మీద ఎదురొచ్చింది. నల్ల కళ్లద్దాలు, నీలం షిఫాన్ చీర, హైహీల్స్.

“నీళ్లు పచ్చబడ్డాయి.”

“రాయి వేస్తే తేటపడతాయి,” రేఖ నవ్వింది. “రా. సరుకు గోడౌన్‌లో ఉంది.”

గోడౌన్‌లో బస్తాలు వరసగా ఉన్నాయి. తన్మయి ఒక్కొక్కదాని దగ్గరా మీటరు పెట్టింది. చప్పుడు లేదు. ఇవి మామూలు జియోలైట్. వెనక్కి తిరిగేసరికి మీటరు టిక్ టిక్ మంది. రేఖ హీల్స్‌కి తెల్లటి పొడి అంటుకుని ఉంది.

తన్మయి బయటికి నడిచింది. పొడి అంటిన అడుగుల వెంట టిక్ టిక్ పెరుగుతూ పోయింది. చెరువు మలుపులో, టార్పాలిన్ కింద బస్తాల గుట్ట. ఒక బస్తా కోసి ఉంది.

“ఆగు,” వెనక నుంచి రేఖ. చేతిలో పిస్టల్. “మురళి కూడా ఆగమంటే ఆగలేదు.”

ఆ మాటకి తనలో ఏదైనా కదులుతుందని తన్మయి ఎదురుచూసింది. ఏమీ కదలలేదు.

అప్పుడే కనిపించింది, ఆ చెరువు రైతు గంగులు భార్య దాలమ్మ. పొడి నిండిన ప్లాస్టిక్ బేసిన్ ఎత్తుకుని నీటి అంచుకి దిగుతోంది.

“రొయ్యలు తేలిపోతన్నాయి, ఇంత మందు ఇక్కడ పడీసున్నాది,” అంటోంది గట్టు మీదున్న మొగుడితో. “ఒక్క బస్తాకి ఎవులేటంటారు?”

ఉప్పునీళ్లలో పడితే ఆ రాయి పట్టుకున్న విషాన్ని వదిలేస్తుంది. చెరువులోకి, కాలువలోకి, సముద్రంలోకి.

తన్మయి పిస్టల్‌కి వీపు చూపించి పరుగెత్తింది. తుపాకి పేలింది. ఎడమ భుజాన్ని ఎవరో తట్టి పిలిచినట్టనిపించింది. బేసిన్ నీళ్ల మీదికి ఒరిగింది. దాన్ని రెండు చేతులా గట్టు వైపు తోసేసింది. పొడి మట్టిలో కుప్ప పడింది.

రేఖ మళ్లీ వాళ్లిద్దరి వైపు గురిపెట్టింది. గంగులు చేతిలో రొయ్యల శాంపిల్ తీసే విసురు వల ఉంది. గిరగిర తిప్పి విసిరాడు. హీల్స్‌తో సహా రేఖ బురదలో పడింది.

“మా ఇంటిదాని మీద తుపాకీ ఏటే!” అంటూ వల బిగించాడు.

పడవని మెరైన్ పోలీసులు పట్టుకున్నారు. ముసుగులు తొడుక్కున్న టీమ్ వచ్చి పొడినంతా సీల్ చేసింది, దాలమ్మ చేతులూ గంగులు కాళ్లూ కడిగించింది. అంతా అయ్యాక దాలమ్మ ఉతికిన తువ్వాలుతో తన్మయి భుజానికి కట్టు కడుతుండగా చీఫ్ ఫోన్.

“గుడ్ జాబ్. నీకేమీ కాలేదు కదా?”

“ఏమీ కాలేదు సార్.”

దాలమ్మ ఫోన్ లాక్కుంది. “ఏటి కానేదు బాబూ! ఈ పిల్లకి గుండు తగిలినాది. రగతం కారతన్నాది. మీ ఆపీసులో అబద్దాలాడ్డం నేర్పుతారేటి?”

తన సర్వీసులో మొదటిసారిగా లక్ష్మీనరసింహం ఒక పరాయి మనిషికి నిజం చెప్పాడు.

“నేర్పుతామమ్మా.”