తడి ఆరని గన్ను

ధర్మపురి బైపాసు మీద, మూతపడిన ఒక హోటలు ఆవరణలో, కరెంటు బండ్లకు ఛార్జింగు పెట్టుకునే చోటు ఒకటుంది. పైన పచ్చరంగు రేకుల కప్పు, కింద సిమెంటు గచ్చు, వెనక గోడ వారగా బీరువా అంత ఎత్తున్న రెండు తెల్లటి పెట్టెలు. రిబ్బను కత్తిరించి ఫొటోలు దిగినవాళ్లు మళ్లీ ఇటు తొంగిచూసిన పాపాన పోలేదు. ఒక పెట్టె తీగను రాగి కోసం ఎవరో మొదలంటా కోసుకుపోయారు. రెండోది దానికి బుద్ధి పుట్టినప్పుడు పనిచేస్తుంది. కార్లు నిలవాల్సిన జాగాలో లారీలు నిలబడతాయి, లారీలు దిగినవాళ్లు పెట్టెల చాటుకు వెళ్లి పని కానిచ్చుకుంటారు. తెర మీద ఎవడో ఉమ్మిన గుట్కా ఎండి అట్టకట్టింది. అంకెలు చూడాలంటే ఆ మరకల సందుల్లోంచే చూడాలి. ఊరికి ఉపకారమని కట్టినదాన్ని ఇంత రోతగా ఉంచుకోవడం మనకే చెల్లింది.

అక్టోబరు నెలలో ఒక మబ్బు సాయంత్రం, ఆరుంబావుకి, మేనక తన పాలబండిని అక్కడికి తెచ్చి ఆపింది. బండి మీటరులో నాలుగు శాతం మిగిలింది.

మేనకది ఇండూరు. రోజూ సాయంత్రం ఊళ్లో ఇంటింటి పాలు క్యాన్లకెత్తుకుని, ఈ మూడు చక్రాల కరెంటు బండిలో ధర్మపురికి తెచ్చి పోసి వెళ్తుంది. ఛార్జింగు మామూలుగా ఇంటి దగ్గరే పెట్టుకుంటుంది. ఆ రోజు పొద్దుటి నుంచీ ఇండూరులో కరెంటు లేదు. నూరు కిలోమీటర్లు పోతుందని చెప్పి అంటగట్టిన బండి, అరవైకే నాలుక వేలాడేస్తుంది.

బండి సంగతి అలా ఉంచితే, ఇంట్లో నాలుగు నెలల కూతురు ఉంది. తనూజ అని పేరు. సీసా పెడితే ఉమ్మేస్తుంది, చెంచాతో పోస్తే కక్కేస్తుంది. తల్లి రొమ్ము తప్ప మరొకటి ముట్టదు. నాలుగింటికి పాలిచ్చి బయల్దేరిన మేనక ఆరున్నరకల్లా ఇంట్లో ఉండాలి. భర్త ముత్తుకుమార్ హోసూరులో షిఫ్టులో ఉన్నాడు. ఇండూరు బస్సు ఎనిమిదింటికి గాని లేదు. ఇక్కడ ఇరవై నిమిషాలు ఛార్జింగు ఎక్కించుకుని పోవడమే అన్నిటికన్నా త్వరగా తేలే పని.

ఇంటికి ఫోను చేసింది. అత్త హొన్నమ్మ ఎత్తింది. ఆమె మాట కంటే ముందు బిడ్డ ఏడుపు వినబడింది.

“యాడుండావే మేనకా? గొంతు పోయేలా ఏడుస్తా ఉండాది.”

“బైపాసులో అత్తా. బండిలో ఛార్జి అయిపోయింది. ఇరవై నిమిషాలు పెట్టుకోని వచ్చేస్తాను.”

“చక్కెర నీళ్లు పెడితిని, కక్కేసింది. సీక్రం రా తల్లీ. ఆకలికి తాళలేకుండా ఉండాది.”

ఆ ఏడుపు చెవిన పడగానే మేనకకు రెండు రొమ్ములూ రాళ్లలా బిగిసి సలపరించాయి. పమిట సర్దుకుని, పెట్టె తీగ చివర వేలాడుతున్న ఛార్జింగు గన్ను అందుకుంది.

గన్ను తడిగా ఉంది.

వాన పడలేదు. అది నీటి తడి కూడా కాదు. వేళ్ల మధ్య సాగింది. మేనక కొంగుతో తుడిచి, వాసన చూసి, మొహం పక్కకి తిప్పుకుంది. పులిసిన పాల కంపు. దాని అడుగున ఇంకేదో, తోలు కుళ్లిన వాసన.

“అది తుడిస్తే పోయేది కాదమ్మణ్ణీ.”

హోటలు కాపలా ముసలాయన మాదయ్య. గేటు దగ్గరే నిలబడ్డాడు, చేతిలో టీ గ్లాసు. ఇంకో అడుగు లోపలికి వేయలేదు.

“నేనూ తుడిచి చూసినాను. నెల దినాలుగా అట్లే ఉండాది. ఆటోవాళ్లు ఎవరూ దాన్ని ముట్టేది లేదు.”

“ఏం కారతా ఉండాది తాతా? ఆయిలా?”

మాదయ్య చేతిలోని టీ వైపు చూసి, గ్లాసు మట్టిలో వంచేశాడు. “ఈ మధ్య పాలు పోసిన టీ నాకు దిగేది లేదు,” అని గొణిగి, రోడ్డు దాటి అవతలి కొట్ల వైపు వెళ్లిపోయాడు. చాదస్తం ముదిరింది ముసలాయనకి అనుకుంది మేనక.

ఫోనులో నంబరు కొట్టి, ఓటీపీ కోసం కాచుకుని, రెండుసార్లు తిట్టుకుని, మూడోసారికి పెట్టె మీది లైటు వెలిగించగలిగింది. గన్ను తీసి బండికి పెట్టింది. రోజూ ఇంటి దగ్గర పెడితే టక్కుమని కూర్చునేది. ఇది మెత్తగా దిగింది. ఎవరో లోపలి నుంచి అందుకున్నట్టు దిగింది. మేనకకు చేయి కడుక్కోవాలనిపించింది, నీళ్లు లేవు. చీరకు రుద్దుకుంది. రుద్దిన చోట పచ్చటి జిగురు చార పడింది.

ఐదు శాతం. ఆరు.

బండిలో కూర్చుని కళ్లు మూసుకుంది. చుట్టూ చీకటి పడుతోంది. చీకట్లో ఈగలు ఎగరవు. ఇక్కడ ఎగురుతున్నాయి. పెట్టె వెనక నుంచి మందగా వచ్చి గన్ను మీద వాలుతున్నాయి, లావుగా, ఆకుపచ్చగా. ఒకటి పెదవి మీద వాలితే మేనక తూ అని ఊసింది.

తొమ్మిది శాతం దగ్గర కరెంటు పోయింది. బైపాసు దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. పెట్టె మీది లైటు కూడా. అయిపోయింది, ఇంక బిడ్డ దగ్గరికి నడిచి పోవడమే అనుకుని మేనక ఏడుపు మొహం పెట్టి మీటరు చూసింది.

పది.

పదకొండు.

అప్పుడు వినబడింది ఆ చప్పుడు. చప్... చప్... చప్... కాస్త ఆగి, గుటక. మళ్లీ చప్... చప్...

పాడి ఉన్న ఇంట్లో పుట్టి, పాడి ఉన్న ఇంట్లో మెట్టిన మనిషికి అదేమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. దూడ పాలు తాగుతోంది.

బండి గట్టిగా కుదిలింది. వెనక ఖాళీ క్యాన్లు గలగలమన్నాయి. మళ్లీ కుదిలింది. పాలు చాలకపోతే దూడ తలతో పొదుగును కుమ్ముతుంది, ఆవు ఇంకాస్త పాలు చేపాలని. సరిగ్గా అలాగే. ఒక కుమ్ము. రెండు గుటకలు. ఒక కుమ్ము.

ఒక్కో కుమ్ముకీ మేనక రొమ్ముల్లో జివ్వున లాగింది. ఆపుకుందామని రెండు చేతులూ అదుముకుంది. ఆగలేదు. పాలు తనంతట తాను దిగుతున్నాయి. జాకెట్టు తడవాలి కదా... తడవడం లేదు. దిగిన పాలు దిగినట్టే ఎటో పోతున్నాయి. తన ఒళ్లు తన మాట వినకుండా ఎవరి మాటో వింటుంటే ఆమెకు తన మీద తనకే రోత పుట్టింది.

ఆ రోతలోనే గుర్తొచ్చింది.

రెండున్నర నెలల కిందట వాళ్ల ఆవు ఈనింది. తొమ్మిదో రోజు దూడ చచ్చిపోయింది. దూడ లేకపోతే ఆవు చేపదు. అందుకని చాలా పాడి ఇళ్లలో చేసేదే హొన్నమ్మ కూడా చేయించింది. దూడ తోలు ఒలిపించి, ఉప్పూ పసుపూ పట్టించి, లోపల గడ్డి కూరి, నాలుగు కర్రలు కాళ్లుగా పెట్టి, పొట్ట కింద ఎరువు బస్తాల పచ్చదారంతో కుట్టించింది. పాలు పిండే వేళకు ఆ తోలుదూడను తెచ్చి ఆవు ముందు నిలబెట్టేవాళ్లు. పిచ్చి ఆవు దాన్ని నాకి నాకి చేపేది. పాలు మనుషులు పిండుకునేవాళ్లు.

నెల తిరిగేసరికి తోలు కుళ్లింది. దాన్ని అలా పారేయకూడదు. సొంత చేలో గుంట తీసి, నోటి దగ్గర ఒక చెంబెడు పాలు పోసి, నీ వంతు తాగి పొమ్మని చెప్పి పూడ్చాలి. హొన్నమ్మకు మోకాళ్ల నొప్పి. గోనెసంచిలో తోలుదూడను, చెంబులో పాలను కోడలికిచ్చి, జాగ్రత్తలన్నీ చెప్పి పంపింది. ఆ కంపు భరించలేక, చేను దాకా పోవడానికి బద్ధకించి, ఆ రోజు ఇక్కడ ఛార్జింగు పెట్టుకున్నప్పుడు మేనక ఆ సంచిని పెట్టెల వెనక్కి విసిరేసింది. చెంబులో పాలు వృథా ఎందుకని క్యాన్లో కలిపేసింది. పూడ్చినాను అత్తా అని ఇంటికొచ్చి చెప్పింది. ఆవు ఆ తర్వాత మేత ముట్టలేదు. దూడ నిలబెట్టిన చోట ఉత్త నేలను నాకుతూ నాకుతూ వారానికి చచ్చింది.

చప్... చప్... చప్...

మేనక బండి దిగింది. ఫోను లైటు వేసింది. గన్ను నుంచి తీగ వెంబడి చూసుకుంటూ పోయింది. తీగ పెట్టెలోకి పోయింది, నిజమే. కానీ పెట్టె అడుగున ఎలుకలు కొరికిన కంతలోంచి మళ్లీ బయటికొచ్చింది. ఉచ్చ కంపు కొట్టే ఆ సందులోకి, గోడ వైపుకి...

లైటు అటు తిప్పింది.

గోనెసంచి చిరిగి ఉంది. నాలుగు కర్రకాళ్ల మీద అది నిలబడి ఉంది. ఊడిన వెంట్రుకల మధ్య తోలు నల్లగా, తడిగా మెరుస్తోంది. కళ్ల గుంటల్లో తెల్లటి పురుగులు కుప్పలుగా మసులుతున్నాయి. నోటి కుట్లు తెగి ఉన్నాయి. ఆ నోట్లో తీగ చివర... దవడ కదులుతోంది. విసిరేసిన నాడు వేలాడిపోయిన పొట్ట, ఇప్పుడు పచ్చదారం కుట్లు పిగిలేంత నిండుగా ఉంది. కుట్ల సందుల్లోంచి పాలు చుక్కలు చుక్కలుగా కారుతున్నాయి.

మేనకకు వాంతి అయింది. గోడ పట్టుకుని ఉన్నదంతా కక్కింది. అది తల తిప్పలేదు. తాగుతూనే ఉంది.

వెనక్కి పరుగెత్తి బండికున్న గన్ను రెండు చేతులా పట్టుకుని లాగింది. రాలేదు. వెచ్చగా ఉంది. అరచేతుల కింద గుటక గుటకకీ ఉబ్బుతోంది. ఇంకోసారి కుమ్మింది. రొమ్ముల్లో నరాలు తెగినంత నొప్పి.

“వదులు...” అంది మేనక. “నీ వంతు నేను తీసుకున్నాను... తప్పే... నా బిడ్డకు ఉంచు... దానికి వేరే ఏదీ పడదు... వదులు...”

చప్పుడు ఆగింది.

ఆగి, ఒక పొడుగాటి ఊపిరి వినబడింది. కడుపు నిండిన దూడ వదిలినట్టు, గన్ను దానంతటదే వదిలింది. దాని మూతిలోంచి వెచ్చటి పాలు భళ్లున మేనక పాదాల మీద పడ్డాయి. చిక్కటి, పసుపుపచ్చటి పాలు. వాటిలో గడ్డిపరకలు, వాటి మీద పాకుతున్న పురుగులు. కాలు విదిలించుకుంటూ బండెక్కింది. మీటరు ముప్పై ఆరు చూపిస్తోంది. అదెలా అని ఆలోచించకుండా బండిని రోడ్డెక్కించింది.

ఊరి దారిలో మలుపు తిరిగాక గాని గమనించలేదు. నొప్పి లేదు. సలపరం లేదు. తడిమి చూసుకుంటే రెండు రొమ్ములూ పిండేసిన గుడ్డల్లా వేలాడుతున్నాయి. ఒక్క చుక్క లేదు. భయం పోయి అంతకంటే పెద్ద భయం పట్టుకుంది. నాలుగింటి తర్వాత చుక్క పాలు లేక ఏడుస్తున్న బిడ్డకు ఇప్పుడు పోయి ఏమిచ్చేది? దారంతా ఏడుస్తూనే బండి తోలింది.

ఇల్లు చేరేసరికి ఏడున్నర. ఇండూరులో కరెంటు ఇంకా రాలేదు. బిడ్డ ఏడుపు వినబడలేదు. హొన్నమ్మ వాకిట్లో, గడప మీదే కూర్చుని ఉంది.

“అత్తా... బిడ్డ?”

“మెల్లిగా మాట్లాడు. ఇప్పుడే, ఏడుపు నిలిపి పావుగంటైంది. ఏడ్చి ఏడ్చి నిద్రబోయినట్టుండాది. లేపితే మళ్లీ మొదలుపెడతాదని నేను లోపలికి పోలేదు.”

మేనక ఆమెను దాటుకుని లోపలికి పోయింది. చీర ఉయ్యాల మెల్లగా ఊగుతోంది. తనూజ నిద్రపోవడం లేదు. కళ్లు తెరుచుకుని, ప్రశాంతంగా, వేళ్లు ఆడించుకుంటోంది. బతికుంది. మేనక బిడ్డను ఎత్తుకుని గుండెకు హత్తుకుంది, లేని పాలకే రొమ్ము నోటికి అందించింది. తనూజ ముక్కు చిట్లించి మొహం తిప్పుకుంది. పొట్ట డప్పులా బిగిసి ఉంది. చిన్నగా తేన్చింది. పెదవి పక్క నుంచి పాలు కారాయి. జున్నుపాలంత చిక్కగా.

“అత్తా,” అంది మేనక గుసగుసగా. “లోపలికి ఎవరొచ్చినారు?”

“ఎవరొస్తారే? నేను గడప దిగితే కదా.”

ఫోను లైటు బిడ్డ మీద వేసింది. నుదురంతా గరుకైనదేదో రాసుకున్నట్టు ఎర్రగా గీసుకుపోయి ఉంది. తల మీది నాలుగు వెంట్రుకలూ తడిసి, ఒకే వైపుకి, నున్నగా అంటుకుని ఉన్నాయి. చెవి మీద మాత్రం కొన్ని ఇంకా పొడిగా, చెదిరి ఉన్నాయి.

తనూజ కళ్లు మూసుకుని, గారాబంగా తల ఒక పక్కకు వంచింది. మేనక చూస్తుండగానే, ఎవరూ ముట్టకుండానే, ఆ చెవి మీది వెంట్రుకలు తడిసి వెనక్కి పడుకున్నాయి.