పదకొండో టేకు

ఆ రోజు జగదాంబను నీళ్ళలోకి దించినదెవరు?

ముప్పై ఆరేళ్ళుగా ఆ ఇంట్లో ఈ ప్రశ్నకు జవాబు లేదు. ప్రశ్న కష్టమైనది కాదు. అది పుట్టకముందే దాని స్థానంలో ఒక మాటను తెచ్చి కూర్చోబెట్టారు, అంతే. ఆ మాట జలగండం.

ఫిల్మ్ నగర్ కొండవాలు మీద ఉన్న ఆ ఇంట్లో గురువారం మామూలుగానే తెల్లవారింది. ప్రొడక్షన్ మేనేజరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న వెంకటేశ్వరరావు వరండాలో పేపరు చదువుతున్నాడు. కొడుకు సాయిశ్రీనివాస్ డబ్బింగ్ థియేటరుకు వెళ్ళిపోయాడు. ఏడో నెల గర్భిణి అయిన కోడలు భువన, అప్పుడే పెద్దమ్మ గుడి నుంచి వచ్చానని చెప్పి గదిలో నడుం వాల్చింది. అత్తగారు జగదాంబ పెసరట్లకు అల్లం తరుగుతూ ఉండగా, రహమత్ నగర్ నుంచి వచ్చి బట్టలుతికే ఎల్లమ్మ పెరట్లోంచి కేకవేసింది.

"అమ్మా, జర గీడికి రాండ్రి! గిదేంది, భువనమ్మ తువ్వాలల చుట్టి దాసింది? ఈత డ్రెస్సు లెక్కున్నది. కడుపు కాడ ఎంత సాగుతున్నదో సూడుండ్రి!"

జగదాంబ ఆ నల్లటి తడిబట్టను చేతిలోకి తీసుకుంది. క్లోరిన్ వాసన. నెల రోజులుగా మంగళ, గురు, శనివారాలు గుడికి వెళ్తున్న కోడలు ఒక్కనాడూ కొబ్బరిముక్క తేలేదని ఆమెకు అప్పుడు స్ఫురించింది.

"సినిమాల హీరోయిన్లు ఏసుకుంటరు గిట్లాంటియి," అని నవ్వింది ఎల్లమ్మ.

"హీరోయిన్లు నీళ్ళలో దిగరే, ఎల్లమ్మా. వాళ్ళకు జలుబు చేస్తుంది. దిగేవాళ్ళు వేరే ఉంటారు."

భువన ఫలహారానికి వచ్చేసరికి ఆ బట్ట బల్ల మీద, ఆమె పళ్ళెం పక్కనే ఉంది.

"ఇది ఏ గుడిలో ఇచ్చిన ప్రసాదం, భువనా?"

భువన ముఖం పాలిపోయింది. అయినా తల దించలేదు.

"అబద్ధం చెప్పాను అత్తయ్యా. తప్పే. గర్భిణులకు నీళ్ళలో వ్యాయామం నేర్పించే క్లాసు అది. డాక్టరే వెళ్ళమన్నారు. గోరువెచ్చటి నీళ్ళు, రొమ్ము లోతుకు మించవు. నేర్పే ఆవిడ పక్కనే ఉంటుంది. నడుం నొప్పికి నేను కూర్చుని నిద్రపోతున్నాను, మీరు చూస్తూనే ఉన్నారు. ఆ ముప్పావుగంట ఒక్కటే నాకు నా బరువు తెలియదు."

వెంకటేశ్వరరావు పేపరు మడిచి లోపలికి వచ్చాడు.

"ఈ ఇంటికి జలగండం ఉందని పెళ్ళిమాటల నాడే చెప్పాం కదమ్మా? మీ అత్తయ్యకు తొలిచూలు పోయింది నీళ్ళవల్లే. ఇక ఆ క్లాసు మానేసెయ్."

"అవునమ్మా," అంది జగదాంబ, అప్పజెప్పిన పాఠంలా. "నీళ్ళే నా బిడ్డను తీసుకున్నాయి."

గోదావరి లంకలో పుట్టి, పన్నెండో ఏటనే పాయ ఈది దాటిన మనిషి ఆమె. బిడ్డ పోయిన తర్వాత మూడు పుష్కరాలు వచ్చాయి. మూడుసార్లూ మెట్టు మీద కూర్చుని తల మీద నాలుగు చుక్కలు చల్లుకుని లేచి వచ్చింది.

భువన గొంతు తగ్గించి అడిగింది. "ఏ నీళ్ళు, అత్తయ్యా?"

జగదాంబ తెల్లబోయింది. ఆ మాట ఎవరూ అడగలేదు, కన్నతల్లితో సహా.

"ఈ కొండ వెనకే, రాళ్ళు కొట్టిన గుంట. మార్గశిరం. నేను హీరోయిన్‌కు డూప్‌ని. బండ మీద నుంచి దూకాలి. రెండు నిలువుల ఎత్తు."

"ఎన్ని సార్లు?"

"పదకొండు టేకులు."

"మీకప్పుడు ఎన్నో నెల?"

"ఐదు."

"ఇక దూకలేనని చెప్పలేదా?"

"చెప్పాను. నాలుగో టేకు కాగానే పొత్తికడుపులో నొప్పి వస్తోందని చెప్పాను."

"ఎవరితో?"

పొయ్యి మీద పెసరట్టు మాడుతున్న వాసన వచ్చింది. జగదాంబ కళ్ళు మెల్లగా భర్త వైపు తిరిగాయి.

"ప్రొడక్షన్ మేనేజరుతో."

"వేరే డూప్ దొరకలేదు, జగదా," అన్నాడు వెంకటేశ్వరరావు. "డైరెక్టరుకు మాటిచ్చేశాను. నీకు ఈత బాగా వచ్చుననే కదా..."

"ఈత వచ్చును. కడుపుతో ఉన్నానని మాత్రం మీరు చెప్పనివ్వలేదు. 'ఇంకొక్కటి, జగదా, ఇదే ఆఖరు' అన్నారు. ఏడుసార్లు అన్నారు. ప్రతిసారీ నమ్మి ఆ బండ ఎక్కాను."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "తెలుసు. జలగండమని చెప్పిన ఆ సిద్ధాంతిని ఇంటికి తెచ్చింది కూడా నేనే. ఏం చెప్పాలో దారిలో నేనే చెప్పాను. నీ కళ్ళలోకి చూడలేక."

జగదాంబ చప్పుడు లేకుండా ఏడ్చింది. "ఆడపిల్ల," అంది భువనతో. "పేరైనా పెట్టుకోనివ్వలేదు."

భువన బరువుగా లేచి వచ్చి అత్తగారి తలను తన కడుపుకు ఆనించుకుంది. లోపలి బిడ్డ ఒక్కసారి కదిలింది. ఆ కదలిక జగదాంబ చెంపకు తగిలింది.

శనివారం ఉదయం వెంకటేశ్వరరావు తువ్వాళ్ళ సంచీ గేటు దాకా మోసుకొచ్చాడు. "నేనూ రానా?" అని భువనతో బయల్దేరిన భార్యను అడిగాడు.

"వద్దు. మీరు ఒడ్డున నిలబడితే నాకు ఆ రోజు గుర్తొస్తుంది." సంచీ అందుకుని, గేటు తీస్తూ మళ్ళీ అంది: "తొమ్మిదింటికల్లా వచ్చేస్తాం. కాఫీ కలిపి ఉంచండి."

జూబ్లీహిల్స్‌లోని ఆ కొలనులో ఆరుగురు గర్భిణులు మోకాళ్ళెత్తి నీళ్ళలో నడుస్తున్నారు. భువన ఏడోది. ఒకామె కాలు తడబడింది. "ఆపండి, కూర్చోండి," అంది నేర్పే ఆవిడ. ఆమె ఆగింది. ఆపమనడం అంత చిన్న పని. జగదాంబ అది చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత చీర కుచ్చెళ్ళు ఎత్తి, పాదాలు నీళ్ళలోకి జార్చింది. వెచ్చగా ఉన్నాయి. ఏ పాపమూ ఎరగని నీళ్ళను ఇన్నేళ్ళు తిట్టుకున్నందుకు ఆమెకు దుఃఖం ఆగలేదు.

ఆ దూకుళ్ళవల్లే బిడ్డ పోయిందా అంటే ఇప్పుడు ఏ వైద్యుడూ చెప్పలేడు. కానీ నాలుగో టేకు తర్వాత ఒక ఆడది నొప్పి అన్నది, ఒక మగవాడు విన్నాడు, పని ఆగలేదు. ఇందులో అనుమానం లేదు.

మీ ఇంట్లోనూ గండమనో, గ్రహమనో, తలరాత అనో పేరు పెట్టి మూసిన గది ఒకటి ఉంటుంది. అందులో కూర్చున్న ఆడమనిషి ఎవరో మీకు తెలుసు. ఈ పూటే ఆమె పక్కన కూర్చోండి. "నొప్పి అని నువ్వు ఎవరితో చెప్పావు?" అని అడగండి. ఆమె ఆ మనిషి పేరు చెప్పేదాకా లేవకండి.